ఆర్వీలో చల్లదనం, వెచ్చదనం: డబ్బు ముందు దేనిమీద పెట్టాలి?

జులైలో టెక్సస్‌లో ఆర్వీ (చక్రాల మీది ఇల్లు), అందులోనూ బండి వెనక ట్రావెల్ ట్రైలర్ కట్టుకుని బయల్దేరిన కుటుంబాల్లో చాలామంది నోట ఒకటే మాట: "ఏసీ పొద్దున్నుంచి తిరుగుతూనే ఉంది, లోపల మాత్రం ఉడికిపోతున్నాం, ఈ 13,500 బీటీయూది తీసేసి 15,000ది పెట్టించేద్దామా?" తొందరపడకండి. బీటీయూ అంటే ఏసీ గంటకు ఎంత వేడిని తీసేయగలదో చెప్పే కొలత; 13,500 నుంచి 15,000కి వెళ్తే పెరిగేది 11 శాతం. దానికోసం వెయ్యి డాలర్ల పైమాట ఖర్చుపెట్టే ముందు, ఇప్పుడున్న ఏసీ తయారుచేస్తున్న చల్లగాలిలో ఎంత మీ మంచం దాకా వస్తోంది, ఎంత సీలింగ్ పైనే పోతోంది అన్నది చూసుకోవాలి.

నా సలహా సూటిగా చెప్పేస్తాను. ముందు సందులు మూయండి, ఎండ లోపలికి రాకుండా ఆపండి. ఆ తర్వాత మీ కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో దాన్నిబట్టి మెషీన్ ఎంచుకోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, పెద్ద మెషీన్ ముందు కొని, అది ఎక్కడ నడుస్తుందో తర్వాత ఆలోచిస్తారు.

ముందు వేసుకోవాల్సిన లెక్కలు

అన్నిటికంటే పెద్ద లెక్క కరెంటు. 30 ఆంపుల ప్లగ్ అంటే 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. రూఫ్‌టాప్ ఏసీకి 1,300 నుంచి 1,500 దాకా పోతుంది, కరెంటు మీద నడిచే వాటర్ హీటర్‌కి ఇంకో 1,400, పక్కన ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పు పెడితే మరో 1,000. అంతే, బ్రేకర్ పడిపోతుంది, అదీ మిట్టమధ్యాహ్నం పూట. 50 ఆంపుల ప్లగ్ అనగానే ఇంకో 20 ఆంపులే కదా ఎక్కువ అనుకుంటారు, కానీ అందులో రెండు లైన్లు వస్తాయి, ఒక్కోటి 50 ఆంపులు, మొత్తం 12,000 వాట్లు, అంటే మూడు రెట్లకు మించి తేడా. మీ ట్రైలర్ 30 ఆంపులదైతే రెండో ఏసీ గురించి ఆలోచించడం దాదాపు దండగ. ఇక బ్యాటరీ సంగతి: 12 వోల్టుల 100 ఆంప్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 1,280 వాట్-అవర్లు. మామూలు రూఫ్‌టాప్ ఏసీ దాన్ని గంటలో ఖాళీ చేసేస్తుంది.

రెండోది తేమ. ఫీనిక్స్ ఎండ వేరు, హ్యూస్టన్ ఉక్క వేరు, ఒకచోట పనిచేసింది ఇంకోచోట పనికిరాకపోవచ్చు. మూడోది, వీకెండ్‌కి వెళ్లి వచ్చేవాళ్లా, ఒకే పార్కులో నెలలకొద్దీ ఉండేవాళ్లా అన్నది; నెలవారీ స్థలాల్లో చాలాచోట్ల కరెంటుకు విడిగా మీటర్ ఉంటుంది. నాలుగోది చలికాలానికి మాత్రమే: ట్రైలర్ కింద ఉన్న నీళ్ల పైపులకు, ట్యాంకులకు వేడి అందుతుందా లేదా. దీన్ని మర్చిపోయినవాళ్లే పైపులు పగలగొట్టుకుంటారు.

ఏ మెషీన్ కొనకముందు: సందులు, ఎండ

ఒక చిన్న పరీక్షతో మొదలుపెట్టండి. ఏసీని ఇరవై నిమిషాలు నడవనిచ్చి, వంటింటి థర్మామీటర్ ఒకటి తీసుకుని, గాలి లోపలికి పీల్చుకునే జాలీ దగ్గర ఒకసారి, చల్లగాలి వచ్చే దగ్గరి రంధ్రం దగ్గర ఒకసారి పెట్టి చూడండి. ఈ రెండింటి మధ్య 16 నుంచి 22 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉంటే మీ ఏసీ భేషుగ్గా ఉన్నట్టే, లోపల చల్లబడకపోవడానికి కారణం వేరే ఉంది. బాగా ఉక్కగా ఉన్న రోజు ఈ తేడా కాస్త తగ్గుతుంది, దానికి కంగారుపడక్కర్లేదు. "బయటకంటే 20 డిగ్రీలే తగ్గించగలదు" అని చెప్పుకునే మాట ఈ పరీక్షను తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల పుట్టింది. ఆ 20 డిగ్రీలు ఏసీలోకి వెళ్లే గాలికీ, బయటికి వచ్చే గాలికీ మధ్య తేడా, బయటి ఎండతో దానికి సంబంధం లేదు.

తేడా బాగానే ఉండి కూడా లోపల ఉడుకుతుంటే, కరెంటు పూర్తిగా ఆపేసి, సీలింగ్‌లో ఏసీ కింద ఉన్న ప్లాస్టిక్ మూత స్క్రూలు విప్పండి. పైన ఒక పెట్టెలాంటి ఖాళీ కనబడుతుంది. అందులో ఒకపక్క నుంచి చల్లగాలి డక్టుల్లోకి (సీలింగ్‌లో గాలి పోయే గొట్టాల్లోకి) పోతుంది, ఆ పక్కనే గదిలోని వేడిగాలిని పీల్చుకునే దారి ఉంటుంది. ఈ రెంటికీ మధ్య అడ్డుగోడ చాలా ట్రైలర్లలో ఒక పల్చటి ఫోమ్ ముక్క, దానికి అంటించిన టేపు. ఆ టేపు ఒక మూల ఊడిందంటే చల్లగాలి మీ దగ్గరికి రాకుండానే తిరిగి ఏసీలోకి పోతుంది, చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. చెయ్యి పెట్టి అంచులన్నీ తడిమి చూడండి. డక్టు మొదలయ్యే చోట, సీలింగ్‌కీ పైకప్పుకీ మధ్య ఉన్న ఖాళీలోకి కూడా గాలి పోతుంటుంది. అన్ని అంచులూ అల్యూమినియం ఫాయిల్ టేపుతో మూసేయండి. బట్టతో చేసిన బూడిదరంగు టేపు వద్దు, వేడికి దాని జిగురు ఎండిపోయి ఊడిపోతుంది. చివరి రంధ్రం దాటాక కూడా డక్టు ముందుకు సాగుతూ గోడ దాకా పోయి ఉంటే, అక్కడ ఒక ఫోమ్ ముక్క కుక్కి ఆపేయండి. ఈ పనంతటికీ ఇరవై డాలర్ల సామాను, ఒక పూట సమయం చాలు, మీరు సొంతంగా చేసుకోగలిగిన పనుల్లో ఇంతకు మించి ఫలితమిచ్చేది నాకు తెలిసి ఇంకోటి లేదు.

తర్వాత పైకప్పు రంధ్రాలు. 14 అంగుళాల చదరంగా ఉండే ఆ వెంట్ల మీద ఉన్నది పల్చటి ప్లాస్టిక్ మూత మాత్రమే. వాటిలో కుక్కడానికి ఫోమ్ దిండ్లు దొరుకుతాయి, ఎండకూ చలికీ రెంటికీ పనికొస్తాయి. షవర్ మీద స్కైలైట్ ఉంటే దానికీ ఏదో ఒకటి అడ్డం పెట్టండి.

కిటికీల దగ్గర మాత్రం కాస్త ఆలోచించాలి. సింగిల్ గ్లాసుకు ఆర్-వాల్యూ (వేడిని ఆపే శక్తి, ఎక్కువుంటే మేలు) 1 దగ్గర ఉంటుంది, అదే ఒక అంగుళం ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోమ్ బోర్డు) ఫోమ్‌కి 5. వెండిరంగు బబుల్ షీట్ కత్తిరించి లోపలి నుంచి అంటిస్తే కొంత లాభమే కానీ, అప్పటికే ఎండ గ్లాసు దాటి వచ్చేసింది, ఆ వేడి గ్లాసుకూ షీటుకూ మధ్య చిక్కుకుని మెల్లగా లోపలికి దిగుతుంది. ఎండాకాలానికి బయటి నుంచి నీడ ఇవ్వడమే మేలు: ఆనింగ్ (పక్కకు చాపుకునే గుడ్డ పందిరి), దానికి వేలాడదీసే షేడ్ క్లాత్, మోటార్‌హోమ్ అయితే ముందు అద్దానికి బయటి కవర్. అన్నిటికన్నా చవకైనది చెట్టునీడ, కాకపోతే పైకప్పు మీద సోలార్ పెట్టుకున్నవాళ్లకు నీడ అంటే కరెంటు పోగొట్టుకోవడమే, అక్కడ రెంటిలో ఒకటి వదులుకోవాల్సిందే.

కొత్త ట్రైలర్ కొనేవాళ్లకు ఒక మాట. "ఫోర్ సీజన్" అన్న స్టిక్కర్‌కి అందరూ ఒప్పుకున్న ప్రమాణం అంటూ ఏదీ లేదు. అది చూసి మురిసిపోకుండా, కింది భాగం మూసి ఉందా, ఫర్నేస్ (గ్యాస్‌తో వేడిగాలి ఊదే హీటర్) గాలి అందులోకి పోతుందా, కిటికీలు డబుల్ గ్లాసువా, గోడలో అల్యూమినియం ఫ్రేములు ఉన్నాయా అని అడగండి. అల్యూమినియం వేడిని సులువుగా దాటనిస్తుంది, మధ్యలో ఎంత ఫోమ్ ఉన్నా ఆ ఫ్రేముల వెంబడి వేడి వస్తూనే ఉంటుంది.

చల్లదనానికి ఉన్న దారులు

*ఉన్న ఏసీకి సాఫ్ట్ స్టార్ట్.* కంప్రెసర్ మొదలయ్యే ఆ క్షణంలో లాగే కరెంటు, నడిచేటప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చిన్న జనరేటర్ అక్కడే చతికిలపడుతుంది. సాఫ్ట్ స్టార్ట్ అనే చిన్న పరికరం ఆ మొదటి కుదుపును బాగా తగ్గిస్తుంది, సుమారు 200 నుంచి 350 డాలర్లు. ఇది ఏసీని మరింత చల్లగా చేయదు, ఆ ఆశతో కొనకండి. కానీ హోండా ఈయూ2200ఐ లాంటి చిన్న జనరేటర్‌తో 13,500 ఏసీ మొదలవ్వాలంటే ఇదే దారి. ఆ జనరేటర్ ఏకధాటిగా ఇచ్చేది 1,800 వాట్లే, పైగా ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు మూడు శాతం పైచిలుకు తగ్గుతుంది. ఎప్పుడూ హుకప్‌లోనే (పార్కు కరెంటుకు తగిలించుకునే) ఉండేవాళ్లకు దీని అవసరం తక్కువ, పాత పార్కుల్లో వోల్టేజీ పడిపోతుండే చోట మాత్రం కొంత ఉపయోగం.

*రూఫ్‌టాప్ మార్చడం.* పాతది చెడిపోతే తప్పదు. అప్పుడు 15,000 అన్న అంకెకంటే ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్నదా అని చూడండి. మామూలుది అయితే పూర్తిగా నడుస్తుంది లేదా పూర్తిగా ఆగుతుంది. ఇన్వర్టర్‌ది అవసరాన్నిబట్టి వేగం తగ్గించుకుంటుంది, మొదలయ్యేటప్పుడు కుదుపు ఉండదు, రాత్రిపూట చప్పుడూ తక్కువ. ధర ఎక్కువే. కానీ ఎలాగూ మార్చాల్సి వస్తే ఆ తేడా పెట్టడం మంచిదని నా ఉద్దేశం.

*మినీ స్ప్లిట్.* ఇండియాలో మన ఇళ్లలో గోడకు ఉండే స్ప్లిట్ ఏసీయే, 120 వోల్టులది, 9,000 లేదా 12,000 బీటీయూ. అంకె చిన్నగా కనిపించినా మోసపోకండి, డక్టుల్లో పోయేదేమీ ఉండదు, చల్లగాలి నేరుగా గదిలోకే వస్తుంది. గది ఒకసారి చల్లబడ్డాక 400, 500 వాట్లతో నడిచిపోతుంది కాబట్టి సోలార్, లిథియం పెట్టుకున్నవాళ్లకు ఇది అసలైన దారి. ఇబ్బంది ఏమిటంటే ఇవి కదిలే ఇంటి కోసం తయారైనవి కావు. బయటి యూనిట్‌ను వెనక బంపర్ మీదో ముందు నాలుక (బండికి తగిలించే ముందు భాగం) మీదో బిగించాలి, ఆ బరువును అది మోయగలదో లేదో చూసుకోవాలి, రోడ్డు కుదుపులకు రాగి గొట్టాల జాయింట్లు వదులవుతాయి. ముందే గ్యాస్ నింపి వచ్చే కిట్ కాకపోతే ఆ పని ఈపీఏ 608 సర్టిఫికెట్ (ఏసీ గ్యాస్ పనులకు అమెరికా ప్రభుత్వ అనుమతి) ఉన్న టెక్నీషియన్‌తోనే చేయించాలి. ఇంకోటి, ఇది ఒక్క గదినే చల్లబరుస్తుంది, వెనక బెడ్‌రూమ్ తలుపేస్తే అక్కడికి ఏమీ రాదు.

*నీళ్ల కూలర్.* హైదరాబాద్ మే నెలలో కూలర్ ఎంత హాయిగా ఉంటుందో, అదే విజయవాడలో ఎంత జిడ్డుగా ఉంటుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడా అంతే. అరిజోనా, న్యూ మెక్సికో, నెవాడా ఎండల్లో 12 వోల్టుల మీద నడిచే చిన్న కూలర్ అద్భుతంగా పనిచేస్తుంది, బ్యాటరీకి భారమే కాదు. హ్యూస్టన్, ఫ్లోరిడా తీరాల్లో దాని జోలికి పోకండి. అరిజోనాలో కూడా జులై, ఆగస్టుల్లో మాన్సూన్ తేమ వచ్చిన రోజుల్లో నీరసపడుతుంది. నీళ్లు మోసుకోవాల్సిన చోట ఆ నీళ్ల లెక్క కూడా వేసుకోండి.

*ఎత్తుకు వెళ్లిపోవడం.* ఇల్లు చక్రాల మీద ఉన్నప్పుడు దీన్ని వాడుకోకపోతే ఎలా. ఫీనిక్స్‌లో 2023లో వరసగా 31 రోజులు 110 డిగ్రీలు, ఆపైన నమోదయ్యాయి. అక్కడి నుంచి సుమారు 145 మైళ్ల దూరంలో, 6,900 అడుగుల ఎత్తున ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్‌లో అదే రోజు ఇరవై డిగ్రీలకు పైగా తక్కువ ఉండటం మామూలే. పైకప్పు మీద ఫ్యాన్ తిప్పి, కిటికీ తెరిస్తే రాత్రి దుప్పటి కావాలి. ప్రోగ్రామ్ మన చేతిలో ఉంటే ఏ ఏసీ దీనికి సాటిరాదు.

వీటిలో ఏది ఎంచుకున్నా ఒక అలవాటు చేసుకోండి. లోపల వేడెక్కాక కాదు, పొద్దున్నే ఏడెనిమిది గంటలకే ఏసీ మొదలుపెట్టండి. గోడలు, పరుపులు, అల్మరాలు ఒకసారి వేడెక్కితే వాటిని చల్లార్చడానికే మధ్యాహ్నమంతా పోతుంది. ఫిల్టర్ కడగడం ఎలాగూ తెలిసిందే.

వెచ్చదనానికి ఉన్న దారులు

| పద్ధతి | గంటకు వేడి | ఏం కావాలి | ఎక్కడ ఇబ్బంది |
|---|---|---|---|
| ప్రొపేన్ ఫర్నేస్ | 20,000–35,000 బీటీయూ | సిలిండర్, 12 వోల్టుల బ్యాటరీ | చిన్న బ్యాటరీ, ఎక్కువ రోజుల బస |
| స్పేస్ హీటర్ (గదిలో పెట్టుకునే కరెంటు హీటర్) | సుమారు 5,100 బీటీయూ | హుకప్ | పైపులకు వేడి అందదు |
| రూఫ్‌టాప్ హీట్ పంప్ (తిరగేసి నడిచి వేడి ఇచ్చే ఏసీ) | మోడల్‌ను బట్టి | హుకప్ | పాతవి 40 డిగ్రీల కింద పనిచేయవు |
| మినీ స్ప్లిట్ | 9,000–12,000 బీటీయూ | హుకప్ లేదా పెద్ద లిథియం | పైపులకు వేడి అందదు |
| డీజిల్ హీటర్ | 6,800 (2 కిలోవాట్లు) – 17,000 (5 కిలోవాట్లు) | డీజిల్, కొద్దిగా బ్యాటరీ | ఎత్తు ప్రాంతాల్లో మసి |

ఖర్చు లెక్క చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. 20 పౌండ్ల సిలిండర్‌లో సుమారు 4,30,000 బీటీయూ ఉంటుంది. 30,000 బీటీయూ ఫర్నేస్ ఆగకుండా మండితే పద్నాలుగు గంటలకు ఖాళీ. అందులో నాలుగో వంతు దాకా పొగగొట్టంలోంచి బయటికే పోతుంది, ఇంట్లోకి వచ్చేది 3,30,000 దగ్గర. అదే వేడి మామూలు స్పేస్ హీటర్‌తో కావాలంటే దాదాపు 97 యూనిట్ల కరెంటు. సిలిండర్ నింపడానికి 20 డాలర్లు, కరెంటు యూనిట్‌కి 15 సెంట్లు అనుకుంటే, హీటర్‌కి 14 డాలర్లన్నర. హీట్ పంప్ అయితే అందులో సగం కంటే తక్కువ. అంటే మీటర్ ఉన్న పార్కులో కూడా గ్యాస్ చవక అని గుడ్డిగా అనుకోవడానికి లేదు, మీ పార్కు యూనిట్ ధర అడిగి ఇలాగే లెక్కేసుకోండి.

అయితే ఈ లెక్క చూసి ఫర్నేస్ ఆపేసి హీటర్ మీదే ఉండిపోవడం ప్రమాదం. చాలా ట్రైలర్లలో కింద ట్యాంకుల దగ్గరికి వెళ్లే వేడి ఫర్నేస్ డక్టుల నుంచే వస్తుంది. గదిలో స్పేస్ హీటర్ వెచ్చగా ఉంటుంది, థర్మోస్టాట్ తృప్తిపడి ఫర్నేస్‌ను నడవనివ్వదు, కింద పైపులు గడ్డకట్టి తెల్లారేసరికి పగులుతాయి. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడిపోయింది, టెక్సస్‌లో మనకెందుకులే అనుకోవడానికి లేదు. బయట 30లోపు అయితే ఫర్నేస్ కూడా మధ్యమధ్యలో నడిచేలా పెట్టుకోండి. స్పేస్ హీటర్ పెట్టిన గంటకు ఒకసారి ప్లగ్‌ను చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చురుక్కుమంటే వెంటనే తీసేసి ఆ సాకెట్ మార్పించండి.

బ్యాటరీ మీద ఫర్నేస్ నడిపేవాళ్లు ఫ్యాన్‌ను లెక్కలోకి తీసుకోరు. అది సుమారు 7 ఆంపులు లాగుతుంది. పదిగంటల రాత్రిలో సగం సేపు తిరిగినా 35 ఆంప్-అవర్లు. ట్రైలర్‌తో పాటు వచ్చే లెడ్-యాసిడ్ బ్యాటరీ వాడుకోగలిగింది ఇంచుమించు అంతే, కాబట్టి తెల్లవారుజామున ఫర్నేస్ ఆగిపోతుంది, సిలిండర్ నిండుగానే ఉంటుంది. డీజిల్ హీటర్ వెలిగేటప్పుడు కొన్ని నిమిషాలు ఎక్కువ లాగినా, తర్వాత ఒకటి రెండు ఆంపులతో సరిపెట్టుకుంటుంది, అందుకే హుకప్ లేని చోట ఉండేవాళ్లు దాన్ని అంతగా ఇష్టపడతారు.

చలికాలంలో ఇంకో తలనొప్పి కిటికీల మీద నీళ్లు కారడం. చిమ్నీ లేకుండా లోపలే మండే ప్రొపేన్ హీటర్లు దీన్ని పెంచుతాయి: ఒక పౌండ్ గ్యాస్ మండితే 1.6 పౌండ్ల నీరు ఆవిరిగా గదిలోకే వస్తుంది. దానికి మన వంట తోడవుతుంది, అన్నం ఉడికే ఆవిరి, కుక్కర్ విజిల్స్, చారు మరగడం. చలికి భయపడి అన్నీ బిగించుకుని వండితే పరుపు కింద కూడా తడి చేరి బూజు పడుతుంది. వంట చేస్తున్నంతసేపు స్టవ్ పైన ఫ్యాన్ వేసి, ఒక కిటికీ అంగుళం తెరిచి ఉంచండి. పోయే వేడి కొంచెమే, పోయే తేమ చాలా.

ఎవరికి ఏది

వీకెండ్లకు, హుకప్ ఉన్న పార్కులకే వెళ్లే కుటుంబానికి ఫాయిల్ టేపు, వెంట్ దిండ్లు, బయటి షేడ్, ఒక స్పేస్ హీటర్ చాలు. వంద నుంచి నూటయాభై డాలర్లలో అయిపోతుంది. ఏసీ బతికున్నంతకాలం దాన్ని మార్చకండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఎల్లోస్టోన్ లాంటిచోటికి తీసుకెళ్లేవాళ్లు కాస్త జాగ్రత్త. జూన్‌లో కూడా అక్కడ రాత్రి గడ్డకట్టే చలి ఉండొచ్చు. పార్కులో హుకప్‌లు ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర ఒక్కచోటే. మిగతా క్యాంపుల్లో, జనరేటర్‌ను అనుమతించే చోట కూడా, రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా నడపకూడదు. పెద్దవాళ్లకు అర్ధరాత్రి ఫర్నేస్ ఆగితే కష్టం, కాబట్టి ఆ ట్రిప్పుకు ఏసీ మీద పెట్టాలనుకున్న డబ్బును ఒక మంచి లిథియం బ్యాటరీ మీద పెట్టండి, రెండో సిలిండర్ నింపుకుని వెళ్లండి. అక్కడి చాలా క్యాంపులు ఏడున్నర వేల అడుగులు, ఆపైన ఉంటాయి కాబట్టి, ఎత్తుకు సర్దుబాటు లేని చవకరకం డీజిల్ హీటర్‌ను ఆ ట్రిప్పుకు నమ్ముకోవద్దు.

ఒకేచోట నెలలకొద్దీ, మీటర్ మీద ఉండేవాళ్లకు నేనైతే కళ్లు మూసుకుని మినీ స్ప్లిట్ చెప్తాను. ట్రైలర్ కదలదు కాబట్టి దాని పెద్ద లోపం పోతుంది, ఎండకూ చలికీ ఒకటే మెషీన్, బిల్లు తగ్గడం మొదటి నెలలోనే కనబడుతుంది. చలికాలానికి ట్రైలర్ చుట్టూ కింద ఫోమ్ బోర్డుతో స్కర్టింగ్ కట్టండి, నీళ్ల గొట్టానికి హీటెడ్ హోస్ పెట్టండి, ఫర్నేస్‌ను పైపుల కోసం మాత్రం ఉంచుకోండి.

శీతాకాలమంతా అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ వైపు ఎడారిలో హుకప్ లేకుండా ఉండేవాళ్లకు పగలు ఏసీ పెద్దగా అక్కర్లేదు, రాత్రి చలే సమస్య. రెండు కిలోవాట్ల డీజిల్ హీటర్ చిన్న ట్రైలర్‌కు సరిపోతుంది, పెద్దది కొని ఎప్పుడూ సన్నమంట మీద నడిపితే లోపల మసి పేరుకుంటుంది, వారానికొకసారైనా కాసేపు పూర్తి మంట మీద నడపండి. పొగగొట్టం చివర కిటికీల వైపు కానీ, పక్క ట్రైలర్ వైపు కానీ ఉండకూడదు. మొదటిసారి వెలిగించే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక్కి తిప్పి, దానిమీద ముద్రించిన గడువు తేదీ చూడండి. దాటిపోయి ఉంటే కొత్తది పెట్టాకే హీటర్ స్విచ్ వేయండి.